యాక్సెస్ పాయింట్ రేడియో సెట్టింగ్స్: పవర్ తగ్గించాకే కుదుటపడింది

బయటి యాంటెనాలు బిగించుకునే రకం డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటిలో పనిచేసే) యాక్సెస్ పాయింట్లను, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే బాక్సులను, ఒక పెద్ద ఆఫీసులో, దాన్ని ఆనుకుని ఉన్న గోడౌన్‌లో ఏళ్లుగా నడుపుతున్నాను. కంపెనీ పేరు అనవసరం, ఈ మెనూలు ఏ బ్రాండులోనైనా ఇంచుమించు ఇవే. పెట్టెలోంచి తీసి తగిలించగానే వైఫై వస్తుంది. జనం నిండి, నాలుగు గదుల్లో ఒకేసారి వీడియో కాల్స్ మొదలైతేనే అసలు సంగతి బయటపడుతుంది.

కొత్తలో ట్రాన్స్‌మిట్ పవర్ 'హై'లో ఉంది. ఫోన్లో సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనిపించేవి, కాల్ మాత్రం తెగిపోయేది. యాక్సెస్ పాయింట్ గొంతు దూరం వరకూ వినిపిస్తుంది కానీ ఫోన్ రేడియో చిన్నది, దాని జవాబు అంత దూరం రాదు. పైగా తలమీదే ఇంకో పాయింట్ ఉన్నా ల్యాప్‌టాప్ ఎక్కడో దూరాన ఉన్న పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది. ఎప్పుడు మారాలో చివరికి తేల్చుకునేది ల్యాప్‌టాపే, మనం కాదు. అందుకే పవర్ తగ్గించాను, 2.4 గిగాహెర్ట్జ్ పవర్‌ను 5 గిగాహెర్ట్జ్ పవర్ కంటే 6 డీబీ (డెసిబెల్, సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) కింద ఉంచాను. 3 డీబీ తగ్గితే పవర్ సగమవుతుంది, దూరం మాత్రం సగం కాదు. అడ్డులేని చోట దూరం సగం కావాలంటే 6 డీబీ తగ్గాలి. కాబట్టి తగ్గించడానికి భయపడక్కర్లేదు. నాకు అన్నింటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన మార్పు ఇదే.

యాంటెనా గెయిన్ (సిగ్నల్‌ను యాంటెనా ఒకవైపుకు ఎంత కుదించి పంపుతుందో చెప్పే అంకె) గడిని చాలామంది ముట్టుకోరు. బయట ఏ యాంటెనా తగిలించామో ఆ బాక్సుకు తెలియదు, మనమే చెప్పాలి. రేడియో పవర్ 20 డీబీఎం (పవర్ కొలత), యాంటెనా గెయిన్ 6 డీబీఐ (గెయిన్ కొలత), కేబుల్‌లో పోయేది 1 డీబీ అయితే గాల్లోకి వెళ్లేది 25 డీబీఎం. గెయిన్ నిజంగా ఎంతో రాస్తే, ఎంచుకున్న దేశం పరిమితి దాటకుండా బాక్సే రేడియోను తగ్గించుకుంటుంది. అక్కడ సున్నా రాసి పవర్ 'కొట్టేయడం' తెలివనుకునేవాళ్లున్నారు. అది నిబంధనల ఉల్లంఘన, పైగా ఫోన్ జవాబు దానివల్ల బలపడదు. గెయిన్ పెరిగితే శక్తి పెరగదు, ఒకవైపుకు కుదించుకుపోతుంది. గోడౌన్‌లో ఎత్తున కట్టిన ఎక్కువ గెయిన్ ఓమ్నీ (చుట్టూ అన్నివైపులా పంపే) యాంటెనా సిగ్నల్ అరల పైనుంచి అడ్డంగా పోయింది, సరిగ్గా కింద నిలబడితే బలహీనం. ఆ వరసల్లో ప్యాచ్ (ఒకవైపుకే పంపే పలక లాంటి) యాంటెనాలు కిందికి వంచి పెట్టాకే స్కానర్లు నిలకడగా పనిచేశాయి. యాంటెనా బిగించని పోర్టు ఉంటే సెట్టింగ్స్‌లో ఆ చైన్‌ను (ఆ పోర్టుకు చెందిన రేడియో భాగాన్ని) ఆపేయండి.

చానెళ్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 2.4లో 1, 6, 11 మాత్రమే, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5లో 80 పెడితే స్పీడ్ టెస్ట్ అంకె అదిరిపోతుంది, కానీ పక్కపక్క పాయింట్లకు పంచడానికి చానెళ్లు మిగలవు. నేను 40 దగ్గర ఆగాను. రాడార్‌తో పంచుకునే డీఎఫ్ఎస్ చానెళ్లు ఖాళీగా దొరుకుతాయి కాబట్టి వదలబుద్ధి కాదు. అయితే వాటిలో మొదలయ్యే ముందు యాక్సెస్ పాయింట్లు కనీసం 60 సెకన్లు రాడార్ ఉందేమో విని చూస్తాయి, రాడార్ తగిలితే చానెల్ ఖాళీ చేసి 30 నిమిషాలు అటువైపు పోవు. మీటింగ్ రూముల్లో వాటిని వాడను. ఆటో చానెల్ ఫర్వాలేదు, రాత్రిపూట మాత్రమే మార్చేలా షెడ్యూల్ పెడితే.

1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ పాత రేట్లు ఆపేశాక బీకన్లు (నెట్‌వర్క్ ఉందని పాయింట్ పదేపదే పంపే సంకేతాలు) గాలిని తక్కువసేపు ఆక్రమిస్తున్నాయి, 2.4 బాగా తేలికపడింది. ఒక పాత ప్రింటర్ మాత్రం ఆ దెబ్బకు నెట్‌వర్క్‌లో కనిపించకుండా పోయింది, దానికి కేబుల్ వేశాం.

చిరాకు పెట్టేవి రెండు. చిన్న మార్పు సేవ్ చేసినా రేడియో రీస్టార్ట్ అయి అందరి కనెక్షన్ పోతుంది, ముందుగా ఒక్క హెచ్చరిక కూడా ఉండదు. ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాత పవర్ తిరిగి 'ఆటో'కి వెళ్లిపోయింది. అప్పటినుంచి అప్‌డేట్‌కు ముందు సెట్టింగ్స్ పేజీల స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుంటున్నాను.

గోడౌన్, పొడవాటి హాలు, బయటి ఆవరణ ఉంటే ఈ రకం మళ్లీ కొంటాను. మామూలు గదులకైతే లోపలే యాంటెనాలున్న సీలింగ్ మోడల్ చాలు, గెయిన్ లెక్కల టెన్షన్ ఉండదు.