గ్యాస్ ఫిట్టర్ పుట్టిన ఊళ్లో చలికి వణికిన రాత్రి

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో గది బుక్ చేసేవాళ్లు ఫొటోల్లో మంచం, కర్టెన్లు చూసి మురిసిపోకండి. ముందు గదిని వెచ్చగా ఉంచే రేడియేటర్ పనిచేస్తుందో లేదో కనుక్కోండి. మేం కనుక్కోలేదు. నవంబర్ రాత్రి ఇద్దరం స్వెట్టర్ల మీద కోట్లు, కోట్ల మీద దుప్పటి వేసుకుని పడుకున్నాం. అదీ 74 పౌండ్లు కట్టి.

అసలు వెళ్లింది ఇంగ్లిష్ రాక్ గాయకుడు జో కాకర్ కోసం. మాంచెస్టర్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చి నెలయింది. హైదరాబాద్ తిరిగి వెళ్లేలోగా ఆయన పుట్టిన ఊరు చూడాలని నా కోరిక. కోఠీలో 35 రూపాయలకు కొన్న క్యాసెట్‌ను టేపు సాగిపోయేదాకా విన్నవాణ్ని. మా ఆవిడకి మాత్రం ఆ గొంతు వింటే, ఎవరైనా ఆయనకి కాసిని మంచినీళ్లివ్వండి అనిపిస్తుందట. అయినా బయల్దేరింది. రైలు 50 నిమిషాలు, మనిషికి 11.40 పౌండ్లు, దారంతా పచ్చటి కొండలు. బాగుంది.

గది దగ్గర మొదలైంది. "సిటీ సెంటర్‌కి 5 నిమిషాలు" అని రాశారు. కారులో అయితే, అదీ దిగేటప్పుడు. ఈ ఊరంతా ఎత్తుపల్లాలే. సూట్‌కేసు లాక్కుంటూ 25 నిమిషాలు ఎక్కాం. అక్కడ మనిషన్నవాడు లేడు. తలుపు పక్కన చిన్న డబ్బా, అందులో తాళంచెవి, డబ్బా తెరవడానికి నాలుగంకెల నంబరు. ఆ నంబరు పనిచేయలేదు. ఫోన్ చేస్తే రికార్డింగ్. మెసేజ్ పెట్టిన 40 నిమిషాలకు కొత్త నంబరు వచ్చింది. ఈలోగా చినుకులు. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆమె తిడితే నాకు ఫర్వాలేదు, మాట్లాడకపోతేనే టెన్షన్.

లోపల రేడియేటర్ మీద చెయ్యి పెడితే బయటి గోడ కంటే చల్లగా ఉంది. మరో మెసేజ్. "బాయిలర్ సమస్య, రేపు ఇంజనీర్ వస్తాడు" అని జవాబు. బాయిలర్ అంటే రేడియేటర్లకు వేడినీళ్లు పంపే గ్యాస్ యంత్రం. రేపు పదకొండింటికి మేం గది ఖాళీ చెయ్యాలి కదా! వంటగది లేదు, ఉన్నది ఒక కెటిల్. అబ్బాయి ఇంట్లో కట్టించుకొచ్చిన పెరుగన్నం, ఆవకాయ మంచం మీద పేపరు పరుచుకుని తిన్నాం. ఆ ఆవకాయ కథ మళ్లీ వస్తుంది.

నిద్రపట్టక పడుకుని నేను ఆలోచించింది కాకర్ గురించే. బడి మానేశాక ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్ గ్యాస్ బోర్డులో ఆయన అప్రెంటిస్ గ్యాస్ ఫిట్టర్. పగలు ఇళ్లలో గ్యాస్ పైపులు బిగించి, రాత్రి పబ్బుల్లో వాన్స్ ఆర్నాల్డ్ అనే దొంగ పేరుతో అమెరికన్ గాయకుడు రే చార్ల్స్ పాటలు పాడేవాడు. అలాంటివాడు ఈ వీధిలో ఒక్కడుంటే మా బాయిలర్ వెలిగేది.

మర్నాడు టౌన్ హాల్‌కి వెళ్లాం. ముందు పేవ్‌మెంట్ మీద ఊరి ప్రముఖుల పేర్లతో కంచు ఫలకాలు ఉంటాయి. కాకర్‌ది 2007 డిసెంబర్‌లో పెట్టారు. అదే ఏడాది ఓబీఈ అనే బ్రిటిష్ పురస్కారం వచ్చింది, ఆ సంబరంలో సొంతూళ్లో కచేరీ కూడా చేశారు. నేను ఫొటో తీసుకుంటుంటే వెనక్కి జరిగిన మా ఆవిడ కాలు ఇంకెవరిదో పేరు మీద పడింది. గబుక్కున వంగి, ఫలకాన్ని తాకి కళ్లకద్దుకుంది. "పేర్లు తీసుకొచ్చి కాళ్ల కింద పెడతారేంటండీ వీళ్లు?" అక్కడే కాఫీ తాగుతున్న ఇద్దరు కుర్రాళ్లు మా వంక వింతగా చూశారు.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. 50 పౌండ్ల డిపాజిట్‌లో 25 కోత. కారణం "గదిలో ఘాటైన వంట వాసన". మా ఆవిడ పెద్దగానే అంది: "హీటరుకి దిక్కులేదు గానీ వాసనకి బిల్లా?"

ఆమెను చల్లబరచడానికి ఒక కథ చెప్పాను. 1960లో కాకర్ ముగ్గురు స్నేహితులతో కవలీర్స్ అని ఒక బృందం కట్టాడు. మొదటి ప్రదర్శన ఒక యూత్ క్లబ్‌లో. పాడటానికి వెళ్తే, లోపలికి రావాలంటే ముందు మీ టికెట్ డబ్బులు కట్టండి అన్నారట. కట్టి, పాడి వచ్చారు. "అయితే మన బాపతే" అని నవ్వింది. నిన్న మధ్యాహ్నం నుంచి అదే మొదటి నవ్వు.

కచేరీలు జరిగే సిటీ హాల్‌ని బయటి నుంచే చూశాం. 1963లో రోలింగ్ స్టోన్స్ బృందం కచేరీకి ముందు ఇక్కడ పాడాడు. పేరొచ్చింది మాత్రం 1968లో. బీటిల్స్ పాటను తన పద్ధతిలో నెమ్మదిగా, అరుస్తూ, ఏడుస్తున్నట్టు పాడితే బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. మరుసటి ఏడు ఆగస్టు 17న అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం. చేతులు గాల్లో లేని గిటార్ వాయిస్తూ, ఒళ్లంతా చెమటతో. ఆయన దిగగానే గాలివాన. 1970లో 48 ఊళ్ల అమెరికా యాత్ర చేసి, తాగుడుతో, అలసటతో చితికిపోయి ఈ షెఫీల్డ్‌కే అమ్మానాన్నల దగ్గరికి తిరిగొచ్చాడు. నాకు వుడ్‌స్టాక్ కంటే ఈ రాకే ఎక్కువ గుర్తుంటుంది.

అందుకే ఆయన పేట క్రూక్స్ చూడాలనుకున్నాను. 52 నంబరు బస్సు, మనిషికి 3 పౌండ్లు. ఆయన పెరిగిన టాస్కర్ రోడ్‌లో వరసగా అతుక్కున్న ఇళ్లు, చెత్త డబ్బాలు, ఒక పిల్లి. చూడ్డానికి అంతకుమించి ఏమీ లేదు. ఇళ్లలో జనం ఉన్నారు, ఫొటోలు తియ్యకండి. మా ఆవిడ "దీనికోసమా?" అనలేదు. అదే పదివేలు.

దిగి వస్తూ ఒక పబ్‌లో ఆగాం. ఆమె శాకాహారి కాబట్టి చీజ్, ఉల్లిపాయ కూరి కాల్చిన "పై" అనే వంటకం, చిప్స్, 12.50 పౌండ్లు. బల్ల మీద నారింజ రంగు లేబుల్‌తో నల్లటి రసం సీసా, హెండర్సన్స్ రెలిష్. 1885 నుంచి ఈ ఊరి సరుకు. రెండు చుక్కలు నాలిక మీద వేసుకుని ఆగింది. "చింతపండు ఉందండీ ఇందులో!" సీసా తిప్పి చదివితే నిజమే. చింతపండు, లవంగం, కారం, వెల్లుల్లి నూనె. ఆ వంటకం మొత్తం నల్లగా అయ్యేదాకా పోసుకుంది. బల్ల తుడవడానికి వచ్చిన పెద్దాయన చూసి బొటనవేలు ఎత్తాడు.

నా సలహా అడిగితే, మాంచెస్టర్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం రైలుకి వచ్చెయ్యండి. ఉండాల్సివస్తే స్టేషన్ పక్కన, మనిషి కూర్చునే రిసెప్షన్ ఉన్న హోటల్ చూసుకోండి, ఇంకో 20 పౌండ్లు పోయినా సరే. కాకర్ గుర్తులు ఎక్కువ దొరుకుతాయని మాత్రం వెళ్లకండి. ఆయన కొలరాడోలో స్థిరపడి, 2014 డిసెంబర్ 22న 70 ఏళ్లకు అక్కడే పోయారు.

25 పౌండ్ల కోసం మూడు మెయిళ్లు పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. మా ఆవిడ సూపర్‌మార్కెట్‌లో మూడు రెలిష్ సీసాలు కొంది. ఒకటి అబ్బాయి ఇంట్లో ఉప్మాలోకి ఇప్పటికే సగం అయిపోయింది.