85 దాటినవాళ్లకి క్రిస్మస్ కానుకలు: వాడి చూశాక ఏవి నిలిచాయి

85 దాటిన పెద్దవాళ్లకి ఇచ్చిన కానుక సరైనదో కాదో క్రిస్మస్ రోజున తెలియదు. కాగితం విప్పగానే ఎవరైనా "బాగుందమ్మా" అనే అంటారు. ఎండాకాలం వచ్చేసరికి అది మంచం పక్కన ఉందా, బీరువా మీద ఉందా అన్నదే లెక్క. మా ఇళ్లలో ఏళ్లుగా ఇస్తూ, వాడకం గమనిస్తూ వచ్చిన వస్తువుల మీద ఈ సమీక్ష. మూలపడ్డ వాటిలో చాలావాటికి కారణం ఒకటే. ఛార్జింగు ఎవరు పెడతారు, బ్యాటరీ ఎవరు మారుస్తారు, నొక్కకూడని బటన్ నొక్కితే ఎవరు సరిచేస్తారు అన్నది కొనేటప్పుడు ఎవరూ అనుకోలేదు.

ఖర్చు తక్కువ, వాడకం ఎక్కువ అంటే మొదట చెప్పాల్సింది వైర్‌లెస్ కాలింగ్ బెల్. వీధి తలుపుకి పెట్టేదే. బటన్ మంచం దగ్గర, బెల్ వంటింట్లో. బటన్ వెనక ఇచ్చే జిగురు టేపు మన ఉక్కకి ఊడిపోతుంది. నాడాతో మంచం పట్టెకి, పడుకున్నప్పుడు చేయి అందేచోట కట్టాలి. మెడలో వేసుకోమంటే చాలామంది వేసుకోరు. పెట్టె మీద 100 మీటర్లు అని రాసి ఉన్నా అది ఖాళీ మైదానం మాట. మధ్యలో రెండు గోడలూ ఒక స్లాబూ ఉంటే దూరం బాగా తగ్గిపోతుంది. అందుకే పడకగది తలుపు మూసి, నొక్కి చూసుకోవాలి. ప్లగ్గులో పెట్టే రకమైతే ఇన్వర్టర్ లైనున్న సాకెట్టే వాడాలి. ట్యూన్లలో సన్నటి పిట్టకూతలు వద్దు. వయసు మీదపడ్డాక ముందు వినపడకుండా పోయేవి ఆ సన్నటి శబ్దాలే. మోగిందో లేదో నొక్కినవాళ్లకి తెలియకపోతే నొక్కుతూనే ఉంటారు. డింగ్ డాంగ్ లాంటి లావు శబ్దం పెట్టండి. బటన్‌లో ఉండే 23ఏ లేదా సీఆర్2032 బ్యాటరీని అయిపోయేదాకా చూడక్కర్లేదు, ఏటా డిసెంబరులో మార్చేస్తే సరి.

ఆడియో బైబిలు ప్లేయర్ మంచి కానుకే, కానీ కొన్నది కొన్నట్టు ఇస్తే నెలలోపు మూలపడుతుంది. బైబిల్లో 1189 అధ్యాయాలు. చవక ప్లేయర్లు చాలావరకు ఆపి మళ్లీ వేస్తే మొదటికి వెళ్లిపోతాయి, అంటే పాపం రోజూ ఆదికాండం ఒకటో అధ్యాయమే. కొట్లోనే మధ్యలో ఆపి, స్విచ్చి కట్టేసి, మళ్లీ వేసి చూడండి; ఆగినచోట నుంచి మొదలైతేనే కొనండి. అలాంటిది దొరక్కపోతే మెమరీ కార్డులో కీర్తనలు 150, సువార్తలు 89 అధ్యాయాలు మాత్రమే ఉంచండి. ఇంకో చిక్కు వరస. ఇలాంటివాటిలో చాలావాటికి ఫైలు పేరుతో పనిలేదు, కార్డులోకి ఏది ముందు ఎక్కితే అదే ముందు చదువుతాయి. కార్డుని కంప్యూటర్లో ఫ్యాట్32 రకంగా ఫార్మాట్ చేసి, 001, 002 అని పేర్లు పెట్టి, ఆ వరసలోనే కాపీ చేయాలి. ఆపైన మోడ్ బటన్: పొరపాటున దాని మీద వేలు పడితే ఎఫ్ఎం మొదలై గరగరమంటుంది, ఇక పాడైపోయిందనుకుని పక్కన పెట్టేస్తారు. దాని మీద చిన్న అట్టముక్క పెట్టి టేపు వేసేయండి. ప్లే బటన్ మీద ఎంసీల్‌తో చిన్న గుబ్బ పెడితే చీకట్లో కూడా వేలికి తగులుతుంది. ఛార్జింగు పిన్ను ఎటు పెట్టినా దూరే టైప్-సి అయి ఉండాలి. పాత మైక్రో పిన్నుని తిరగేసి గుచ్చి సాకెట్టు విరగ్గొట్టడం మామూలే.

చదివే ఓపిక ఉన్నవాళ్లకి పెద్దక్షరాల బైబిలు. అచ్చు 16 పాయింట్లకి తక్కువైతే వద్దు, తెలుగులో ముందు అలుక్కుపోయేవి వత్తులే. పూర్తి బైబిలు ఈ సైజులో ఒళ్లో మోయలేనంత బరువు. కొత్త నిబంధన, కీర్తనలు కలిపి కుట్టిన సంపుటి చాలు. దానితోపాటు వ్యాసపీఠం ఒకటి ఇవ్వండి. పూజా సామాన్ల కొట్లో దొరికే ఆ మడత చెక్క బైబిలుకీ చక్కగా కుదురుతుంది. భూతద్దం 2 నుంచి 3 రెట్లు చాలు. 5 రెట్లదైతే ఒక్కసారికి రెండు మూడు మాటలే కనపడి, వాక్యం అందదు. చేతులు వణికేవాళ్లకి పేజీ మీద పెట్టి జరిపే డోమ్ రకం మేలు. ఏ భూతద్దాన్నీ కిటికీలో ఎండ తగిలేచోట వదలకూడదు, నిప్పంటుకుంటుంది.

చేతికర్ర కొనేటప్పుడు పొడవు సంగతి ఎవరూ పట్టించుకోరు. చెప్పులు వేసుకుని, చేతులు వదిలేసి నిటారుగా నిలబెట్టి, నేల నుంచి మణికట్టు మడత దాకా కొలవండి. పిడి అక్కడికి రావాలి. పొడవు ఎక్కువైతే భుజం లేచిపోతుంది, తక్కువైతే ముందుకి వంగిపోతారు. కర్ర పట్టాల్సింది నొప్పి లేని కాలి వైపు చేత్తో. అడుగున రబ్బరు బుడిపె గాడులు అరిగి నున్నబడితే తడి గచ్చు మీద జారుతుంది. అందుకే కర్రతోపాటు రెండు విడి బుడిపెలు ఇవ్వాలి, గొట్టం లావు కొలిచి మరీ. ఇంట్లో ఇప్పటికే కర్ర ఉంటే కొత్తది అక్కర్లేదు, కొత్త బుడిపె వేస్తే చాలు.

మనిషి కదిలితే వెలిగే రాత్రి దీపం బాత్రూము దారిలో, మోకాలి ఎత్తున. పసుపు రంగు వెలుగు తీసుకోండి. ఒక లోపం: ఇది ఒంటి వేడిని పసిగట్టి పనిచేస్తుంది. మే నెలలో గది వేడి ఒంటి వేడికి దగ్గరైనప్పుడు దగ్గరికొస్తేగానీ వెలగదు. ఆ నెలల్లో మామూలు జీరో బల్బు కూడా ఉంచాలి.

చెవి మిషను వాడేవాళ్లకి దాని బ్యాటరీలు ఇవ్వడం వింతగా అనిపించొచ్చు గానీ, దీన్ని మించి వాడకం దేనికీ ఉండదు. స్టిక్కరు రంగు చూసి కొనండి: 312కి గోధుమ, 13కి నారింజ, 675కి నీలం. స్టిక్కరు పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు వేయాలి. అన్నిటి స్టిక్కర్లూ ముందే పీకేస్తే వాడకపోయినా అయిపోతాయి.

డబ్బు దండగ అయినవి: మూడు నాలుగు కిలోల మింక్ దుప్పటి (కప్పుకుంటే పక్కకి తిరగలేరు, పలచటి సోలాపూర్ దుప్పట్లు రెండు నయం), వైఫై ఫోటో ఫ్రేము, ఇంకా "షుగర్ ఫ్రీ" కేకు. ఆ కేకులోనూ మైదా, ఎండు పళ్లు ఉంటాయి, చక్కెర పెరుగుతుంది. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి వేడినీళ్ల సంచి అసలు వద్దు, కాలినా తెలియదు. వాళ్లకి వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తటి స్పాంజి రబ్బరు) చెప్పులు తీసుకోండి, కొలత సాయంత్రం కాళ్లు వాచి ఉన్నప్పుడు.

చర్చికి తెల్లచీర పెట్టేటట్టయితే మెత్తటి నూలుది, జాకెట్టు ముందు హుక్కులది. మంగళగిరి చీరయితే గంజి పోయేలా రెండుసార్లు ఉతికి ఇవ్వాలి. ఏది ఇచ్చినా డిసెంబరు మొదటి వారంలోనే చేతికివ్వండి. 25న ఇంటినిండా చుట్టాలు, బటన్లు చూపించే తీరిక ఎవరికీ ఉండదు. కొత్త కర్రతో చర్చి మెట్లు ఎక్కేముందు పదిరోజులైనా ఇంట్లో నడిచి ఉండాలి.