ఊటీ టాయ్ ట్రైన్: ఎక్కితే మెట్టుపాళయంలోనే ఎక్కండి

ఊటీ టాయ్ ట్రైన్ ఎక్కొచ్చామని ఎవరైనా చెబితే ఎక్కడ ఎక్కారని అడిగి చూడండి. మన హైదరాబాద్ నుంచి ప్యాకేజీలో వెళ్ళినవాళ్ళు చాలామంది ఊటీలో ఎక్కి కూనూరులో దిగినవాళ్ళే. గంటకి కాస్త అటూఇటూ ప్రయాణం, లాగేది డీజిల్ ఇంజిన్. బాగోదని కాదు. కానీ 2005లో యునెస్కో వాళ్ళు ఈ రైలుని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారంటే అందులో పెద్ద వాటా కూనూరుకి కింద, మెట్టుపాళయం నుంచి కొండెక్కే దారిదే. అది వదిలేస్తే బిర్యానీకి వెళ్ళి రైతా తినొచ్చినట్టే.

మేం ముందు అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ వాళ్ళని అడిగాం. "టాయ్ ట్రైన్ ప్యాకేజీలోనే ఉంది సార్" అన్నారు. ఎక్కణ్ణించి ఎక్కడికండీ అంటే కనుక్కుని చెబుతామని, సాయంత్రం ఫోన్ చేసి ఊటీ టు కూనూరు అన్నారు. మెట్టుపాళయం టికెట్లు దొరకవు సార్, ఐదు గంటలు కూర్చోలేరు కూడా అని ఉచిత సలహా ఒకటి. దండం పెట్టి టికెట్లు మేమే తీసుకున్నాం. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి, వేసవి సెలవులకైతే మరీను. పెట్టెలే నాలుగైదు ఉండే రైలది, సీట్లు ఎన్నని ఉంటాయి.

వెళ్ళడం కష్టమేం కాదు. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగానే పోతుంది, శంషాబాద్ నుంచి విమానాలూ ఉన్నాయి. కోయంబత్తూరు నుంచి మెట్టుపాళయం 35 కిలోమీటర్లు. రైలు పొద్దున 7:10కే కాబట్టి ముందురోజు రాత్రి ఆ ఊళ్ళోనే పడుకోండి.

ఇక ప్రయాణం. బయల్దేరిన కాసేపటికి అన్నీ వక్క తోటలే, గాలి ఆడక ఉక్కపోత. మా అత్తయ్య కోనసీమ మనిషి, కిటికీలోంచి చూసి "ఇదేనా మీ టీ తోట? ఈ పోకచెట్లు చూడ్డానికి ఇంత దూరం రావాలా?" అని మొదలుపెట్టారు. కల్లార్ స్టేషన్ దాటాక ఆవిడే మాట మానేశారు. అక్కడ కింద ఏదో గట్టిగా పట్టుకున్న చప్పుడొస్తుంది, ఒక్క కుదుపు, అంతే, అక్కణ్ణించి రైలు నడక మారిపోతుంది. సంగతేంటంటే పట్టాల మధ్యలో పళ్ళున్న ఇనుప బద్దలు రెండు పక్కపక్కనే వేసి ఉంటాయి, ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదాని సందు వచ్చేలాగ, ఇంజిన్ కింద పళ్ళచక్రాలు వాటిని పట్టుకుని పైకి పాకుతాయి. 12 అడుగులు ముందుకెళ్తే ఒక అడుగు పైకెక్కే వాలు మరి, అంత వాలులో ఉత్త ఇనుప చక్రానికి పట్టు దొరకదు. మన దేశంలో ఇలాంటి పళ్ళ పట్టా రైలు ఇదొక్కటే. కూనూరు దాకా 1899లోనే నడిపారంటే, అప్పటి పనివాళ్ళు ఆ బండలు ఎలా తొలిచారో అనిపిస్తుంది.

ఇంకో తమాషా, స్టీమ్ ఇంజిన్ ముందుండదు, వెనకనుంచి నెడుతుంది. పెట్టెలు విడిపోయినా కిందికి దొర్లిపోకుండా ఆ ఏర్పాటు. మరి డ్రైవర్‌కి ముందు దారి కనపడేదెలా? ప్రతి పెట్టె ముందు చిన్న బాల్కనీ లాంటి చోట ఒక బ్రేక్‌మ్యాన్ నిలబడి జెండా ఊపుతాడు, అది చూసి వెనక పెట్టె అతను ఊపుతాడు, అలా ఇంజిన్ దాకా కబురు చేరుతుంది. వాకీటాకీల కాలంలో ఇది చూస్తుంటే భలే ముచ్చటేసింది. వేగం గంటకి 13 కిలోమీటర్ల లోపే. మొత్తం 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువ కేకలు పెడతారు. హిల్‌గ్రోవ్‌లో ఇంజిన్ నీళ్ళు తాగడానికి ఆగుతుంది, అక్కడ దిగి టీ తాగొచ్చు, కాకపోతే వడ చేతిలో పట్టుకుని ఫొటోలు తీయకండి, కోతులు కాచుక్కూర్చుని ఉంటాయి.

టీ తోటల కోసమే వెళ్ళేవాళ్ళకి ఒక మాట: సగం దారి దాకా అడవే, లోయలూ వాగులూ, అదే నాకు ఎక్కువ నచ్చింది. తోటలు కూనూరు దగ్గరపడుతుంటే మొదలవుతాయి. అక్కడ డీజిల్ ఇంజిన్ తగిలిస్తారు, వెల్లింగ్టన్, అరవంకాడు దాటి కేత్తి దగ్గర లోయ మొత్తం తెరుచుకుంటుంది, టీ పొదలతో పాటు క్యారెట్, బంగాళాదుంప మళ్ళు కూడా. ఉత్త తోటలే చూడాలంటే కూనూరులో ఒక రోజు ఉండి ఆటోలో తిరగండి, రైల్లోంచి చూసేదానికంటే అదే నయం.

ఇబ్బందులూ చెప్పాలి కదా. సెకండ్ క్లాసు బెంచీలు ఇరుకు, ఎదురెదురు మోకాళ్ళు తగులుతాయి. రైల్లో టాయిలెట్ లేదు, స్టేషన్ వచ్చినప్పుడే చూసుకోవాలి, షుగర్ ఉన్న పెద్దవాళ్ళూ చంటిపిల్లల తల్లులూ ఇది ముందే ఆలోచించుకోండి. డబ్బులకి మరీ వెనకాడకపోతే ఫస్ట్ క్లాసే తీసుకోండి. స్వెటర్ పైసంచీలో పెట్టుకోవాలి, మెట్టుపాళయం 330 మీటర్ల ఎత్తులో ఉంటే ఊటీ 2200 మీటర్లు, పొద్దున చెమటలు పట్టినవాళ్ళకే మధ్యాహ్నానికి వణుకు. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం కాబట్టి స్టీల్ బాటిల్ పట్టుకెళ్ళండి. తిరుగు రైలు మధ్యాహ్నం రెండింటికి ఉంది గానీ మేం బస్సులో దిగిపోయాం, ఒకే రోజు రెండువైపులా కూర్చునే ఓపిక నాకైతే లేదు.

టీ పొడి కొనేటప్పుడు కూడా కాస్త చూడండి. ఫ్యాక్టరీ దుకాణాల్లో ఆర్థడాక్స్ అని పెద్దాకు పొడి ఖరీదుగా అమ్ముతారు, అది పాలు లేకుండా తాగేది. మన ఇరానీ చాయ్ అలవాటున్న నాలుకకి పాలల్లో వేసి మరిగిస్తే నీళ్ళలాగే ఉంటుంది. ఇంట్లో పాల టీకైతే సీటీసీ డస్ట్ అనే సన్నటి పొడి తీసుకోండి, చవక కూడా.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మాత్రం ఈశాన్య రుతుపవనాల వానలు, పట్టాల మీద కొండచరియలు పడి మెట్టుపాళయం–కూనూరు మధ్య రైలు ఆపేస్తూ ఉంటారు. దసరా సెలవులకి ప్లాన్ చేసేవాళ్ళు హోటల్ డబ్బులు ముందే మొత్తం కట్టేయకండి.