ఓపెన్ టెన్త్: మన రాష్ట్రానిదా, ఎన్‌ఐఓఎస్‌దా? ఏది మేలు?

జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చినవాళ్లు కొలతలు ఇస్తూ ఇస్తూ అడిగే ప్రశ్న ఇప్పుడు ఇదొక్కటే అయిపోయింది. "అక్కా, నువ్వు పది పాసయ్యావంట కదా, ఏ దాన్లో కట్టావు?" 36 ఏళ్లకి పది రాసినదాన్ని మా వీధిలో నేనొక్కదాన్నే కాబట్టి అడగడంలో తప్పు లేదు. కానీ ఒక్కొక్కరికీ చెప్పేలోపు రెండు జాకెట్లు కుట్టేయచ్చు. అందుకే ఒకేసారి రాసి పెడుతున్నా.

మనకి పనికొచ్చే దారులు రెండే. ఒకటి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అందరూ ఓపెన్ స్కూల్ అనేది, 1991 నుంచి ఉంది. రెండోది ఎన్‌ఐఓఎస్, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్, కేంద్ర ప్రభుత్వానిది, హెడ్డాఫీసు నోయిడాలో. అది 1989లో మొదలైంది, ఈ పేరు 2002లో పెట్టారు. రెండింట్లోనూ 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకి హద్దు లేదు. ఐదు సబ్జెక్టులు. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిదిసార్లు రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. తెలుగు మీడియం రెండింట్లోనూ ఉంది. హిందీ తప్పనిసరి కాదు, ఈ ఒక్క మాటకే సగం మందికి ప్రాణం లేచొస్తుంది, నాకూ అంతే. పాస్ మార్కు ఓపెన్ స్కూల్లో 35, ఎన్‌ఐఓఎస్‌లో 33. ఆ రెండు మార్కుల కోసం బోర్డు మార్చేవాళ్లని చూశాను, వద్దు. ఫీజులు మారుతుంటాయి, ఆడవాళ్లకి రెండింట్లోనూ తగ్గింపు ఉంది. పరీక్ష ఫీజు మాత్రం వేరేగా కట్టాలి, అడ్మిషన్‌తోనే అయిపోయిందనుకోకండి.

విలువ విషయంలో టెన్షన్ పెట్టుకోకండి. ఎన్‌ఐఓఎస్ అంటే ఢిల్లీది కాబట్టి గొప్ప, మనది లోకల్ కాబట్టి తక్కువ అనే మాట నేనూ విన్నాను. రెండూ రెగ్యులర్ టెన్త్‌తో సమానమే. మాకు తెలిసిన ఒకావిడ ఓపెన్ స్కూల్ మెమో చూపించే పాస్‌పోర్టు మార్పించుకుంది. కోనసీమ వాళ్లకి దీని సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. పది పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది, కువైట్, ఒమన్, ఖతర్ లాంటి దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి, ఆడవాళ్లయితే 30 ఏళ్లు నిండేదాకా ఆ దారే మూసి ఉంటుంది. పది పాసైతే ఆ గొడవ లేదు. దీని కోసమే రాసేవాళ్లు ఏ బోర్డైనా, ఏ సబ్జెక్టులైనా తీసుకోండి, మెమో ఉంటే చాలు.

మిగతావాళ్లకి నా లెక్కలో తేల్చేది ఒకటే. ఆదివారం క్లాసు మీ ఇంటికి ఎంత దూరం?

నవ్వకండి. తొమ్మిదో తరగతిలో బడి మానేసి ఇరవై ఏళ్లు దాటాక పుస్తకం తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మొదటి వారం రాత్రి వంట సామాను సర్దేసి కూర్చున్నాను. రెండో వారం పెళ్లిళ్ల సీజన్, జాకెట్లు కుప్ప పడ్డాయి. మూడో వారానికి పుస్తకం ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను, కుట్టుమిషను డ్రాయర్లో దారపు ఉండల కింద దొరికింది. ఇంట్లో మనల్ని చదువుకోమని ఎవరూ ఆపరు, అలాగని చదువుకోమని కూర్చోబెట్టేవాళ్లూ ఉండరు. ఓపెన్ స్కూల్ సెంటర్లు ఎక్కువగా మనకి తెలిసిన హైస్కూళ్లలోనే ఉంటాయి, ఆదివారాలు, సెలవు రోజుల్లో క్లాసులు పెడతారు. మాది ఇంటికి సైకిల్ మీద పావుగంట. ఎన్‌ఐఓఎస్‌కీ సెంటర్లు ఉన్నాయి, క్లాసులూ ఉన్నాయి, కానీ మా చుట్టుపక్కల వెతికితే దగ్గర్లో దొరకలేదు. మాకు దొరికిందానికి రెండు బస్సులు మారాలి. ఆదివారం పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్లే మనిషైతే అసలు బడే మానేసేది కాదు.

అన్ని సెంటర్లూ ఒకేలా ఉంటాయని చెప్పను. సగం ఆదివారాలు తాళం తీయని చోట్లు కూడా ఉన్నాయని అక్కడ చదివినవాళ్లే చెప్పారు. అందుకే చేరకముందు ఒక ఆదివారం వెళ్లి ఊరికే చూసి రండి. మనుషులు కూర్చుని ఉన్నారా, బోర్డు మీద ఏమైనా రాసి ఉందా. ఇంతే పరీక్ష.

మా లెక్కల మాస్టారు రిటైరైనాయన. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం సరూప త్రిభుజాలు చెబుతుంటే మాకెవరికీ ఎక్కలేదు. అందర్నీ లేపి బయటికి తీసుకెళ్లాడు. స్కూలు ఆవరణలో ఉన్న కొబ్బరిచెట్టు నీడ కొలవమన్నాడు. టేపు ఎవరి దగ్గరుంటుంది, నా దగ్గరే. మీటరున్నర టేపు ఎనిమిదిసార్లు పరిస్తే 12 మీటర్లు వచ్చింది. తర్వాత ఒక మీటరు కర్ర నిలబెట్టి దాని నీడ కొలిస్తే 80 సెంటీమీటర్లు. "ఇప్పుడు చెట్టు ఎత్తెంతో కొబ్బరికాయలు దింపు తీసే అబ్బాయిని పిలవకుండా చెప్పండమ్మా" అన్నాడు. 15 మీటర్లు. చెప్పింది నేనే. ఇరవై ఏళ్లుగా మనుషుల కొలతలు తీస్తున్నాను, చెట్టు కొలత తీయడం అదే మొదటిసారి.

ఈ మాస్టారి ధైర్యంతోనే నేను లెక్కలు తీసుకున్నాను. మా తోటికోడలికి ఆ ధైర్యం ఇచ్చేవాళ్లు దొరకలేదు. ఆవిడ వేరే ఊళ్లో చేరింది. అక్కడ ఫారాలు నింపే ఆయన "లెక్కలెందుకమ్మా, ఫెయిలైపోతావు, హోమ్ సైన్స్ రాసుకో, ఎకనామిక్స్ రాసుకో" అని ఆవిణ్ని అడక్కుండానే రాసేశాడు. మంచి మార్కులతో పాసైంది, స్వీట్లు పంచింది. తర్వాత పోస్టాఫీసు జీడీఎస్ (గ్రామీణ డాక్ సేవక్) ఉద్యోగాల నోటిఫికేషన్ పడింది, వాళ్ల ఊళ్లోనే బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్ ఖాళీ. ఆ ఉద్యోగానికి పరీక్ష ఉండదు, పది మార్కుల మెరిట్ మీదే తీసుకుంటారు, 18 నుంచి 40 ఏళ్ల వాళ్లు అర్హులు. కాకపోతే పదిలో లెక్కలు, ఇంగ్లీషు పాసై ఉండాలి. మెమోలో లెక్కలు లేవు. నెట్ సెంటర్లో కుర్రాడు అప్లికేషన్ సగంలో ఆపి మెమో వెనక్కి ఇచ్చేశాడంట. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి పంపు దగ్గర కూర్చుని ఏడ్చింది. లెక్కలు ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదు, 35తో గట్టెక్కినవాళ్లకి ఆ మెరిట్ లిస్టు అందదు, అది వేరే సంగతి. కానీ అప్లై చేసే హక్కు కూడా లేకుండా పోయింది కదా. ఏ బోర్డులో చేరినా ఫారం మీ చేత్తో మీరే నింపండి. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు మూడూ ఉంచుకుని మిగతా రెండూ మీకు నచ్చినవి పెట్టుకోండి. లెక్కలు తప్పుతాయని భయమైతే చేరేటప్పుడే ఆరో సబ్జెక్టు అదనంగా పెట్టుకోవచ్చు.

ఎన్‌ఐఓఎస్ ఎవరికి మేలంటే, ఒక ఊళ్లో ఉండనివాళ్లకి. భర్త ఉద్యోగం రీత్యా రాష్ట్రాలు తిరిగేవాళ్లు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనిచేసుకుంటూ రాసేవాళ్లు, అంతా ఆన్‌లైన్లో సొంతంగా చేసుకోగలిగినవాళ్లు. అక్కడ అసైన్‌మెంట్లకి 20 శాతం మార్కులు ఉంటాయి, శ్రద్ధగా రాసేవాళ్లకి అది కలిసొస్తుంది. పాత బోర్డులో పాసైన సబ్జెక్టులు రెండు వరకు కలుపుతారు. కావాల్సినప్పుడు రాసుకునే ఆన్ డిమాండ్ పరీక్ష కూడా ఉంది, అన్నిచోట్లా కాదు. ఇంట్లో చదువుకునే అలవాటు పోని మనిషికి ఇవన్నీ వరాలే, నాలాంటి దానికి మాత్రం కావు.

ఇంకోటుంది, ఇది మన డెల్టా వాళ్లకే. ఎన్‌ఐఓఎస్ పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి. ఏప్రిల్ అంటే దాళ్వా (రెండో పంట వరి) కోతలు, ఇంట్లో ఎవరికీ ఖాళీ ఉండదు. అక్టోబరు, నవంబరు అంటే తుఫాన్లు, ఏ రోజు బస్సు తిరుగుతుందో ఏ రోజు తిరగదో చెప్పలేం. ఓపెన్ స్కూల్ పరీక్షలు ఈమధ్య మార్చిలో, రెగ్యులర్ టెన్త్ పిల్లలు రాసే రోజుల్లోనే పెడుతున్నారు, తప్పినవాళ్లకి ఎండాకాలంలో సప్లిమెంటరీ. కోతల హడావుడి ముదిరేలోపే నా పరీక్షలు అయిపోయాయి.

పాతికేళ్ల కిందట పది తప్పినవాళ్లు పాత హాల్ టికెట్ పట్టుకుని రెగ్యులర్ బోర్డుకే ప్రైవేటుగా కడతామంటారు. సిలబస్ మారిపోయింది, హిందీ మళ్లీ మెడకి చుట్టుకుంటుంది, దండగ. ఇక పరీక్ష రాయకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తానని వచ్చేవాడికి మంచినీళ్లు కూడా ఇవ్వకండి.

చేరకముందు ఒక పని. రికార్డు షీటులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒక్కోదాన్లో ఒక్కోటి, మన ఆడవాళ్లలో సగం మంది కథ ఇదే. మెమో మీద ఏది పడితే రేపు పాస్‌పోర్టుకైనా ఉద్యోగానికైనా అదే అడుగుతారు. ముందు ఆధార్ సరిచేయించుకుని అప్పుడు ఫారం నింపండి. నాకు ఈ ఒక్కదానికే రెండు నెలలు పట్టింది.

మా సెంటర్‌కే వచ్చేవాళ్లయితే ముందు బెంచీల్లో కూర్చోండి, వెనకాల ఫ్యాను తిరగదు. టేపు నేను తెస్తాలెండి.