తాడిపత్రి బండల యూనిట్‌లో సేఫ్టీ ట్రైనింగ్ పెట్టించుకున్నాం, ఎట్లుందంటే

బండల కటింగ్, పాలిష్ యూనిట్లు నడిపేవాళ్లు ఎవరన్నా ఉంటే ఇది మీకోసమే. నేను తాడిపత్రిలో ఒక యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని, మా ఓనర్ అనంతపురం నుంచి ఒక సేఫ్టీ ట్రైనింగ్ టీమ్‌ని పిలిపించినాడు. ఐదుకి నాలుగు ఇస్తా.

మామూలుగా సేఫ్టీ అంటే ఏముంది, మార్చి 4న నేషనల్ సేఫ్టీ డే బ్యానర్ కట్టి హెల్మెట్లు పెట్టుకుని ఫొటో దిగేది, మర్నాడు ఆ హెల్మెట్లు ఆఫీసు బీరువా మీద ఉంటాయి. వీళ్లు అట్ల కాదు, నేరుగా షెడ్డులోకి పోయి కటింగ్ మిషన్ ఆపరేటర్‌ని "అన్నా, ఈ మధ్య నీకు భయమేసింది ఎప్పుడు" అని అడిగినారు. ఆయన ఓనర్ మొగం చూసి నోరు మెదపలేదు. ట్రైనర్ సార్ అది గమనించి ఓనర్‌ని, నన్ను బయట కూర్చోమన్నాడు. ఆ తర్వాత బయటపడినాయి సంగతులన్నీ. నిలువుగా ఆనించిన బండల వరుస జారి ఒక హమాలీ కాలి పక్కనే పడిందంట, ఇంకొకాయన మెడలో తువ్వాల బెల్టులో ఇరుక్కుంటే పక్కనోడు స్విచ్ ఆపి కాపాడినాడంట. ఎవరికీ చెప్పలేదు ఎందుకంటే చెప్తే నువ్వే సరిగా చూసుకోలేదని తిడతారు, కూలి కోస్తారు అని.

సాయంత్రం అందరి ముందర ఓనర్ చేత చెప్పించినాడు, ఇట్లాంటివి చెప్పినోళ్లకి కూలి కోసేది లేదు, మిషన్ ఆపితే ఎందుకాపినావ్ అని అడిగేది లేదు అని. నాకు మిగతా ట్రైనింగ్ అంతా ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. కొన్నాళ్లకి బండలు కడిగే అక్క చెయ్యి జిల్లుమంటోందని మెయిన్ ఆపించింది, బయట లారీ లోడుకి నిలబడి ఉంది, అయినా ఓనర్ పల్లెత్తు మాట అనలేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. ఎప్పుడూ నీళ్లలో నిలబడి చేసే పని కదా ఇది, ఆ అక్క భయపడి ఊరుకుని ఉంటే ఏమయ్యేదో. ఇప్పుడు 30 మిల్లీ ఆంపియర్ లీకేజీకే ట్రిప్ అయ్యే బ్రేకర్లు పెట్టించినాం.

ఇంకోటి బాగా చెప్పినారు, మాస్కు చివర్న రావాలంట. ముందు బ్లేడు మీద నీళ్లు సరిగా పడాలి, అప్పుడు దుమ్ము చాలా తగ్గుతుంది, బెల్టుకి గార్డు ఉండాలి, ఇవన్నీ అయినాక కూడా దుమ్ము ఉంటే ఎన్95. మొగానికి గుడ్డ కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు. తిరిగే బ్లేడు దగ్గర బట్ట గ్లౌజులు వేసుకోవద్దన్నారు, గ్లౌజుతో పాటు చెయ్యి కూడా లోపలికి పోతుందని. నడుస్తున్న మిషన్ దగ్గర ఆయిల్ పెట్టడం లాంటి పనులు చేసేవాళ్లకి ఒంటికి అతుక్కునే బట్టలు యాజమాన్యమే ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షన్‌లోనే ఉండేదంట (2025 నవంబర్‌లో ఆ చట్టం పోయి కొత్త లేబర్ కోడ్ వచ్చింది). తువ్వాల సంగతి విన్నాక దాని విలువ తెలిసింది.

నచ్చనివి కూడా చెప్తా. మా లోడింగ్‌లో సగం మంది బీహార్ పిల్లోళ్లు, ట్రైనింగ్ మొత్తం తెలుగులోనే, గోడకి అంటించిన చార్టులేమో ఇంగ్లీషు, ఇక వాళ్లకి ఏం అర్థమవుతుంది? ఫీజు కూడా చిన్న యూనిట్లకి బరువే.

అన్నిటికన్నా పెద్ద లోపం, బండకింత అని లెక్కగట్టి కూలి ఇచ్చే పద్ధతి గురించి వాళ్లు ఎత్తనే లేదు. మిషన్ ఆపితే తిట్టరు సరే, ఆపినంతసేపు సంపాదన పోతోంది కదా, ఇంట్లో పిల్లల ఫీజులు ఉన్నోడు ఎందుకు ఆపుతాడు చెప్పండి? నేను ఓనర్‌తో గట్టిగా మాట్లాడినాక, ప్రమాదం అనుకుని ఆపిన టైముకి రోజుకూలి లెక్కన ఇస్తున్నాడు. మీరు పిలిపించుకునేటట్లుంటే ఈ కూలి సంగతి ముందే ఓనర్‌తో తేల్చుకోండి, హిందీ వచ్చినాయన్ని కూడా పంపమని అడగండి.