మోటార్‌హోమ్ తీసుకునే ముందు బ్యాటరీ చూడండి

అక్టోబర్‌లో ఆకుల రంగులు చూడ్డానికి అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ వైపు మోటార్‌హోమ్‌లో, అంటే పడకలు, వంటిల్లు, బాత్రూమ్ ఉన్న బండిలో, వెళ్దామనుకునేవాళ్ళు ఇది చదవండి. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే మరీను. మేం తీసుకున్నదీ వాళ్ళ కోసమే. మామయ్యకి షుగర్, బాత్రూమ్ దగ్గర్లో ఉండాలి. అత్తయ్యకి బయటి తిండి పడదు. న్యూజెర్సీలో 25 అడుగుల బండి మాట్లాడాం. రాత్రికి 189 డాలర్లు, రోజుకి 100 మైళ్ళు దాటితే మైలుకి 45 సెంట్లు, జనరేటర్ గంటకి 4 డాలర్లు. గ్యాలన్‌కి 9 మైళ్ళు కూడా రాలేదు.

వెర్మాంట్ హాయిగా గడిచింది. స్టో ఊరు దాటాక మాత్రం ఫోన్ మ్యాప్ మమ్మల్ని స్మగ్లర్స్ నాచ్ అనే కనుమ మీదుగా పొమ్మంది. 108 నంబరు రోడ్డది, బండరాళ్ళ మధ్య మెలికలు తిరుగుతుంది, పెద్ద బండ్లకి నిషేధం. బోర్డు చూసి మావారు ముందే వెనక్కి తిప్పేశారు. కారు కోసం చేసిన మ్యాప్‌ని ఇంత బండికి నమ్మకూడదు. వాటర్‌బరీ సెంటర్‌లో కోల్డ్ హాలో సైడర్ మిల్ దగ్గర వేడివేడి యాపిల్ సైడర్ డోనట్లు తిన్నాం. బయట ఏదీ ముట్టని అత్తయ్య రెండు తిని, ఇంకో అరడజను కట్టించమన్నారు.

అసలు బాధ న్యూ హాంప్‌షైర్‌లో. లింకన్ నుంచి కాన్వే దాకా కాంకమాగస్ హైవే 34.5 మైళ్ళు, మధ్యలో పెట్రోల్ బంకే ఉండదు. మేపుల్ చెట్లు నిలువునా ఎరుపెక్కి ఉన్నాయి. మామయ్య ముందు సీటు వదల్లేదు. ఆ దారిలోనే ఫారెస్ట్ సర్వీస్ (ప్రభుత్వ అటవీశాఖ) క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం, 30 డాలర్లు. కరెంటు కనెక్షన్ ఉండదని తెలుసు. హీటర్ ప్రొపేన్ గ్యాస్ మీద నడుస్తుంది కాబట్టి భయం లేదని అద్దెకిచ్చినవాళ్ళు చెప్పారు.

హీటర్‌కి మంట ప్రొపేన్‌దే గానీ ఫ్యాన్ తిరగాలంటే బండి లోపలి వాడకానికి పెట్టిన బ్యాటరీ (ఇంజిన్‌ది కాదు) కావాలి. ఒంటిగంటప్పుడు అత్తయ్య లేపారు. "అమ్మాయ్, ఆ గాలి చప్పుడు ఆగిపోయిందే!" గోడమీద బ్యాటరీ మీటర్ 10.4 వోల్టులు చూపిస్తోంది. నిండా ఉన్న బ్యాటరీకి 12.6 ఉండాలి. బయట 28 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే నీళ్ళు గడ్డకట్టే చలి. క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా జనరేటర్ వెయ్యకూడదు. అద్దెకిచ్చినవాళ్ళ ఎమర్జెన్సీ నంబరుకి చేద్దామంటే సిగ్నల్ లేదు. స్టవ్ వెలిగించి ఉంచుదామన్నారు మామయ్య, మావారు ఒప్పుకోలేదు. మూసిన బండిలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కిటికీ తీసి నీళ్ళు మాత్రం కాచి, స్టీలు సీసాల్లో పోసి, తువ్వాళ్ళు చుట్టి వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టాను. మంకీ క్యాప్, రెండు స్వెటర్లు వేసుకుని మామయ్య వణుకుతూ కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది.

పొద్దున్నే పక్క సైట్ పెద్దాయన వచ్చి, ఎక్కే మెట్టు కింద మూత తీసి చూపించారు. బ్యాటరీ కొనలకి పచ్చగా చిలుం, స్టిక్కర్ ఏడేళ్ళ కిందటిది. ఇలాంటివి నాలుగైదేళ్ళకి మించి పనిచెయ్యవట. ఆయన చిలుం గీకి, తీగలు బిగించి ఇచ్చారు. కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోలేదు.

తర్వాత కాన్వే దగ్గర ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో 84 డాలర్లిచ్చి కరెంటు, నీళ్ళు, డ్రైనేజీ అన్నీ ఉన్న సైట్ తీసుకున్నాం. పెద్దవాళ్ళుంటే ఆ డబ్బు పెట్టాల్సిందే. ఆ రాత్రి అత్తయ్య ఉప్మా చేశారు, అందరం కమ్మగా నిద్రపోయాం.

బండి అప్పగించేటప్పుడు, చచ్చిన బ్యాటరీని ఛార్జ్ చెయ్యడానికి వేసిన జనరేటర్‌కి 13 గంటలు లెక్కకట్టి 52 డాలర్లు పట్టుకున్నారు. పైగా "మీరే హీటర్ ఎక్కువ వాడారు" అన్నారు. మీటర్, స్టిక్కర్ ఫొటోలు చూపించినా వినలేదు. ఆ ఫొటోలతోనే క్రెడిట్ కార్డు వాళ్ళ దగ్గర, ఆ డబ్బు ఒప్పుకోనని డిస్ప్యూట్ వేశాను. 52తో ఊరుకోను, హీటర్ లేని ఆ రాత్రి అద్దె 189 కూడా అడిగాను.