సెయింట్ ఓలేవ్స్‌లో మావాడి ఏడేళ్లు

మావాడు 2015 సెప్టెంబరులో లండన్ శివారు ఆర్పింగ్టన్‌లోని సెయింట్ ఓలేవ్స్ గ్రామర్ స్కూల్లో చేరాడు. గ్రామర్ స్కూలంటే పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకునే ప్రభుత్వ బడి. 2022లో ఏ లెవెల్స్, అంటే మన ఇంటర్ లాంటి పరీక్షలు, రాసి బయటికొచ్చాడు. ఈ ఏడేళ్లలో ఇక్కడి తెలుగువాళ్లు ఎక్కడ కనిపించినా "సీటెలా వచ్చిందండీ?" అనే అడిగారు. బడెలా ఉందని అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇది వాళ్ల కోసం.

ఇది చర్చి బడి అనగానే ముందు మా అమ్మ హడలిపోయింది. "పిల్లాణ్ణి మతంలో కలిపేసుకుంటార్రా" అంది ఫోన్లో. నాన్న నవ్వారు. ఆయన చదివింది బందరు నోబుల్ హైస్కూల్లో. ఇంగ్లండు చర్చి మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో మొదలుపెట్టిన బడి అది. "నన్ను కలుపుకున్నారా, వీణ్ణి కలుపుకోడానికి?" అన్నారు. ఆయన మాటే నిలిచింది. అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది. లండన్ సావోయ్ చాపెల్లో పాడే మగపిల్లలు ఈ బడివాళ్లే. సీటు మాత్రం మార్కులకే, మతానికి కాదు. ప్రభుత్వ నిధులతో నడుస్తుంది కాబట్టి ఫీజు లేదు.

బడి అసలు పుట్టిల్లు లండన్ బ్రిడ్జి పక్కన, థేమ్స్ దక్షిణపు ఒడ్డున ఉన్న సదర్క్. సెయింట్ ఓలేవ్ చర్చి కింది జనం పెట్టుకున్న బడికి 1571లో మొదటి ఎలిజబెత్ రాణి చార్టర్, అంటే రాజముద్ర వేసిన అధికార పత్రం, ఇచ్చింది. పేటలో కలవారి పిల్లలకీ లేనివారి పిల్లలకీ చదువు చెప్పాలన్నది ఉద్దేశం. పక్కనే ఉన్న సెయింట్ సేవియర్స్ బడి పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇందులో కలిసింది. అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీ ఎవరి పేరు మీద ఉందో, ఆ జాన్ హార్వర్డ్ పుట్టిందీ ఆ పేటలోనే. బడి ఆర్పింగ్టన్‌కి మారింది 1968లో. పేట పిల్లల కోసం పెట్టిన బడి పేట వదిలి ఊరి చివరికి వచ్చేసిందన్నమాట.

ఆ "కలవారు, లేనివారు" అన్న మాట దగ్గరే నాకు గుచ్చుకుంటుంది. సీటు కోసం రాసే పరీక్ష రెండు మెట్లు. సెప్టెంబరులో ఒకటి, అది దాటినవాళ్లకి నవంబరులో ఇంకోటి. రాసేది పదేళ్ల పిల్లలు. దానికోసం మేమూ వాణ్ణి ఏడాదిన్నర కోచింగుకి తిప్పాం. ఆ సెంటరాయన ప్రతి శనివారం ర్యాంకులు గోడకి అంటించేవాడు. మన కార్పొరేట్ కాలేజీల గోల నుంచి తప్పించుకున్నామనుకుంటే అదే గోల ఇక్కడా ఎదురైంది. ఫీజు లేని బడికి నేను పెట్టిన ఖర్చు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కోచింగు కట్టలేని ఇంటి పిల్లాడు ఈ గేటు దాటడం ఎంత కష్టమో తెలిసీ కట్టాను.

లోపలికెళ్లాక మాత్రం నేననుకున్న బట్టీ వాతావరణం కనబడలేదు. వాడికి ఫైవ్స్ పిచ్చి పట్టింది. చేతికి గ్లోవు తొడుక్కుని బంతిని గోడకేసి కొట్టే ఆట అది. ఇంగ్లండులోనే చాలామందికి తెలియదు. అన్నిటికన్నా పెద్ద లాభం, వాడి చుట్టూ ఉన్న పిల్లలు. అన్నం తింటూ రోమన్ చరిత్ర మీద దెబ్బలాడుకునే రకం. ప్రైమరీలో ఎప్పుడూ ఫస్టొచ్చే మావాడు ఇక్కడ మధ్యలో పడి మొదటి టర్మంతా ముఖం వేలాడేశాడు. రెండో ఏటికి అలవాటుపడ్డాడు. పదహారేళ్లదాకా అందరూ మగపిల్లలే. సిక్స్త్ ఫామ్‌లో, అంటే చివరి రెండేళ్ల క్లాసుల్లో, అమ్మాయిలు వచ్చాక దువ్వెన వాడకం పెరిగింది, అంతే తేడా.

2017లో బడి పేరు పేపర్లకెక్కింది. పన్నెండో క్లాసు చివర తగినన్ని బీ గ్రేడ్లు రాని పిల్లల్ని ఆఖరిదైన పదమూడో క్లాసుకి రావద్దన్నారు. తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు, బడి వెనక్కి తగ్గింది, ఆ ఏడాదే హెడ్మాస్టరు రాజీనామా చేశారు. అప్పటికి మావాడు చిన్న క్లాసులోనే ఉన్నా, ఆ వార్త చదివి మా ఆవిడకి రెండు రాత్రులు నిద్రలేదు. ఏరి తెచ్చుకున్న పిల్లల్నే మళ్లీ ఏరడం ఏమిటన్న ఆవిడ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది.

సదర్క్‌లోని టూలీ స్ట్రీట్‌లో బడి పాత భవనం ఇంకా ఉంది. ఓల్డ్ బెయిలీ కోర్టు కట్టిన మౌంట్‌ఫర్డే దాని ఆర్కిటెక్టు. ఇప్పుడది మన దేశపు సంస్థ నడిపే హోటల్. రిజల్ట్సొచ్చిన వారం అక్కడికే భోజనానికి వెళ్లాం. ఒకప్పుడు పిల్లలు వరసగా నిలబడిన అసెంబ్లీ హాల్లో ఇప్పుడు నాన్, పప్పు వడ్డిస్తున్నారు. మావాడు తలెత్తి పైకప్పు చూస్తూ కూర్చున్నాడు. "తినరా, చల్లారిపోతుంది" అంది మా ఆవిడ.